తరుగు తీయని నలభై తొమ్మిది నిమిషాలు

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు తరఫున నేను ముప్పై నాలుగేళ్ళు మచ్చు తీశాను. మచ్చంటే నమూనా. రైతు తెచ్చిన మిర్చి బస్తాని అక్కడ టిక్కీ అంటారు. టిక్కీ మూతి దగ్గర ఎప్పుడూ మంచి కాయే ఉంటుంది. అది చూసి ధర చెప్పేవాడు ఏడాది తిరక్కుండానే కొట్టు మూసుకుంటాడు. పైన ఒకచోట, నడుమ ఒకచోట, అడుగున ఒకచోట చెయ్యి పెట్టి మూడు గుప్పిళ్ళు తీసి, గోనెపట్టా మీద పోసి చూడాలి. రంగు పోయి తెల్లబడ్డ కాయ తాలు. తూకం పెరగడానికి నీళ్ళు చల్లిన కాయ విరిస్తే విరగదు, వంగుతుంది. మూడు గుప్పిళ్ళూ కలిపి చూసి, నూటికి ఎనిమిది తాలనో, నూటికి పన్నెండనో చెప్పేవాణ్ణి. ఆ మాట మీద బేరం నడిచేది. నేను చదివింది అయిదో తరగతి. నూటికి ఇంత అని చెప్పే విద్య మాత్రం నా వేళ్ళలో ఉండేది.

తూకం దగ్గర ఇంకో అలవాటు ఉండేది. టిక్కీని గోతంతో సహా కాటా వేసి, ఆ బరువే కాగితం మీద రాసి, అంకె పక్కన చిన్న సున్నా పెట్టేవాళ్ళం. గోతం బరువూ, తేమా లెక్కగట్టి తరుగు తీయాల్సి ఉందని ఆ సున్నాకి అర్థం. సాయంత్రం తీరిగ్గా కూర్చుని తరుగు తీశాక ఆ సున్నాలో అడ్డగీత కొట్టేవాళ్ళం. అడ్డగీత లేని కాగితం కొట్టు గడప దాటకూడదు. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదది. మా ముందువాళ్ళు చేశారు, మేమూ చేశాం.

ఈ రెండు సంగతులూ ముందే ఎందుకు చెప్తున్నానంటే, డెబ్బై ఆరేళ్ళ వయసులో నేను చేసిన ఒక వెధవపనికి ఈ రెండూ మూలం.

పరుగు పిచ్చి నాకు కుర్రతనం నుంచీ ఉంది. ఇరవయ్యో ఏట సత్తెనపల్లిలో ఒక పరుగు పందెం పెట్టారు. పక్క ఊరి పొలిమేర రాయి దాకా పోయి తిరిగి రావాలి. నేను రెండోవాడిగా వచ్చాను. మొదటివాడు రాయి దాకా పోలేదు. మలుపు దగ్గర మిరప చేలోకి దిగి అడ్డంగా కోసుకొచ్చాడు. వాడి పిక్కలకి తడిమట్టి ఉంది, నిక్కరుకి మిరపాకు అంటుకుని ఉంది. ఆ ఆకు పీకి బహుమతి ఇచ్చే పెద్దమనిషికి చూపించాను. "ఆకు సాక్ష్యం చెప్తుందా అబ్బాయ్, పక్కకి జరుగు" అన్నాడాయన. ఇత్తడి బిందె వాడు ఎత్తుకుపోయాడు. వాడు పోయి పదేళ్ళయింది. పోయినవాణ్ణి అనకూడదంటారు. నేను అంటాను. వాడు దొంగ.

అప్పట్నుంచి దూరం పరుగెత్తేవాళ్ళ లెక్కలన్నీ రాసిపెట్టుకోవడం మొదలుపెట్టాను. అయిదు వేల మీటర్లు, పది వేలు, మారథాన్. కొట్టుకి వచ్చే ఇంగ్లీషు పేపరు ఆటల పేజీ సాయంత్రానికి నా చేతికొచ్చేది. ఆ పేజీతోనే నాకు ఇంగ్లీషు వచ్చింది, వచ్చినంత. ఏ దేశం మనిషి ఏ ఊళ్ళో ఎంతసేపట్లో పరుగెత్తాడో పొడుగు నోటుపుస్తకాల్లో రాశాను. ఇప్పటికి ఏడు పుస్తకాలయ్యాయి. ఎవరైనా సత్తువ పెంచే నిషేధ మందు వాడి పట్టుబడ్డారని వార్త వస్తే ఆ పేరు మీద ఎర్రసిరాతో గీత కొట్టి, కిందివాళ్ళని ఒక మెట్టు పైకి జరిపేవాణ్ణి. ఆ వార్త ఎప్పుడొస్తుంది? ఏళ్ళు గడిచాక. అప్పటికి నాలుగోవాడు పరుగు మానేసి ఏదో ఉద్యోగంలో పడుంటాడు. వాడికి పతకం పోస్టులో పంపిస్తారట. పోస్టులో వచ్చిన పతకాన్ని మనిషి ఎక్కడ నిలబడి మెడలో వేసుకోవాలి? వంటింట్లోనా?

అందుకని, ఫోన్లో ప్రశ్న అడిగితే జవాబు చెప్పే చాట్‌బాట్లు వచ్చాయని విన్నప్పుడు నాకు ముందుగా తట్టింది, ఏళ్ళు ఆగకుండానే దొంగని పట్టొచ్చని. మా కోడలు ఒకదాన్ని నా ఫోన్లో పెట్టింది, నా పోరు పడలేక ఇంకోదాన్ని కూడా పెట్టింది. తెలుగులో మాట్లాడితే వింటుంది, తెలుగులోనే చెప్తుంది. ప్రపంచంలో పేరున్న ఒక పరుగు మనిషి పేరు చెప్పి, ఇతను మందు వాడి ఉండే అవకాశం నూటికి ఎంత అని అడిగాను. ఒక మనిషి మీద ఆధారం లేకుండా అలా చెప్పడం సరికాదని మర్యాదగా తప్పించుకుంది. యార్డులో బేరం తప్పించుకునేవాళ్ళని నేను చాలామందిని చూశాను. పేరు తీసేసి, ఒక మనిషి ఉన్నాడనుకో, మూడేళ్ళలో అతని లెక్కలు ఇలా మారాయనుకో, అని నోటుపుస్తకం చూసి చదివాను. అప్పుడు చెప్పింది. నూటికి అరవై దాకా ఉండొచ్చంది. కింద ఏవో జాగ్రత్తలు చెప్పింది, రక్తపరీక్షలు లేకుండా ఇది ఊహే అంది. అంకె విన్నాక ఆ మిగతాది నేను వినలేదు.

మళ్ళీ అడిగితే నలభై అయిదంది. రెండోదాన్ని అడిగితే డెబ్బై అంది. నాకు అనుమానం రాలేదు, సంతోషం కలిగింది. పైన ఒక గుప్పెడు, నడుమ ఒక గుప్పెడు, అడుగున ఒక గుప్పెడు. మూడూ కలిపి మూడుతో భాగిస్తే సరి. నేను బతుకంతా చేసింది అదే కదా అనుకున్నాను. మూడుసార్లూ నేను చెయ్యి పెట్టింది టిక్కీ మూతి దగ్గరేనని అప్పుడు తోచలేదు.

సత్తెనపల్లిలో కోల్డ్ స్టోరేజి గేటు ఎదురుగా ఒక టీ బంకు ఉంది. పొద్దున ఏడింటికి అక్కడ చేరతాం. దూది ఏకి పరుపులు కుట్టే మా సాయిబు నాకు చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరం ఒకే బడిలో అయిదు దాకా చదివి ఒకేసారి మానేశాం. నా లెక్కలు అందరికంటే ముందు వాడికే చెప్పాను.

"ఒరేయ్, పరుపు పైగుడ్డ చూసి లోపల మంచి దూదో, మిల్లు చెత్తో చెప్పమంటే నేను చెప్పను" అన్నాడు వాడు. "కుట్టు విప్పాలి. నీ ఫోను కుట్టు విప్పుద్దా?"

"అది లక్ష పరుపులు చూసిందిరా. పైనుంచి చూసినా తెలుస్తుంది దానికి."

"అయితే ఒక పని చెయ్. మన యార్డులో ఊరి పేరు చెబితే ధర మారేది కాదట్రా? ఆ పరుగుల మనిషి దేశం పేరు మార్చి అడుగు."

అక్కడే అడిగాను. లెక్కలన్నీ అవే, దేశం ఒక్కటే మార్చాను. పందొమ్మిది పాళ్ళు తేడా వచ్చింది. సాయిబు టీ గ్లాసు బల్ల మీద పెట్టి నవ్వాడు. "ఊరి పేరు చూసే కొనే షావుకారేరా ఇది" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. కొన్ని ఊళ్ళ కాయ పేరు వినగానే పెదవి విరిచే కొనుగోలుదార్లు ఉండేవాళ్ళు. కాయ మంచిదైనా సరే. వాళ్ళతో నేను ఎన్నోసార్లు పోట్లాడాను. అంత పోట్లాడినవాణ్ణి, ఈ తేడా కళ్ళారా చూసి కూడా ఆ యంత్రాన్ని వదల్లేదు. ఇప్పటికీ నా మీద నాకు కోపం వచ్చే విషయం ఇదే.

రెండు నెలల్లో నేను బంకు దగ్గర ఒక పెద్దమనిషినైపోయాను. పేపర్లో ఎవరైనా గెలిచినట్టు వస్తే చాలు, "ఏం పెద్దాయనా, ఎంత?" అని అడిగేవాళ్ళు. నేను నూటికి ఇంత అనేవాణ్ణి.

ఇక నా వెధవపనికి బలైన పిల్ల సంగతి.

మాకు నాలుగు మైళ్ళ దూరంలో ఒక ఊరు. ఆ ఊరి చర్చి వెనక పేటలో ఉంటుంది. తల్లీ తండ్రీ మిరప కోతలకీ, పత్తి తీతలకీ పోతారు. ఆమె సత్తెనపల్లిలో ఇంటర్ రెండో ఏడు. మిషను బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన నా స్నేహితుడు ఒకాయన ఉన్నారు. ఆయన ఆమెకి బళ్ళో చదివేటప్పట్నుంచీ పరుగు నేర్పుతున్నారు. ఈమధ్య రాష్ట్రం పోటీల్లో పదివేల మీటర్లు ముప్పై అయిదున్నర నిమిషాల్లో పరుగెత్తింది. ఒంగోలులో ఇంకో పోటీ ఉంది, అందులో మొదటి ముగ్గుర్ని దేశం జట్టు శిక్షణకి తీసుకెళ్తారు. బంకు దగ్గర అంతా దాని గురించే మాట్లాడుకుంటున్న రోజుల్లో, మీసాలతను ఒకడు, కోల్డ్ స్టోరేజిలో లోడింగు మేస్త్రీ, నన్నడిగాడు.

"దేశదేశాల వాళ్ళవి చెప్తున్నావు, మన పిల్లది ఎంత పెద్దాయనా?"

"వద్దులేరా" అన్నాడు సాయిబు. "మన పిల్ల."

ఆ మాటే నాకు మంటెత్తించింది. మన వాళ్ళని చూడొద్దంటే ఆ బిందె ఎత్తుకుపోయినవాడూ మనవాడే కదా. ఇంటికెళ్ళి నోటుపుస్తకం తెచ్చాను. రెండేళ్ళ కిందట బడి వార్షికోత్సవానికి పెట్టిన పది కిలోమీటర్ల పందెం అందులో ఉంది. గడియారం పట్టింది నేనే, రాసింది నేనే. నలభై తొమ్మిది నిమిషాలు. ఇప్పుడు ముప్పై అయిదున్నర. రెండూ చదివి, రెండేళ్ళు తేడా అని చెప్పాను. కూలివాళ్ళ పిల్ల అని, ఇండియా అని కూడా చెప్పాను, అడక్కుండానే. మూడుసార్లు అడిగి మూడుతో భాగించాను. నూటికి అరవై రెండు.

పైకే చెప్పాను. సాయిబు లేచి వెళ్ళిపోయాడు. మేస్త్రీ నా ఫోను తెరని తన ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. నేను వద్దనలేదు.

మధ్యాహ్నానికి అది వాట్సాప్‌లో ఊళ్ళు తిరిగింది. సాయంత్రానికి నూటికి అరవై రెండు అన్న మాట పోయి, పరీక్షలో దొరికిందట అయింది. ఆదివారం చర్చిలో ఎవరో ఆమె తల్లిని పట్టుకుని, ఇంజెక్షన్లు ఎక్కడ కొంటున్నారమ్మా అని అడిగారట. సోమవారం పిల్ల మైదానానికి రాలేదు. మంగళవారం రాలేదు. ఒంగోలు పోటీకి అప్పటికి అయిదు వారాలుంది.

పది రోజులు చూసి మాస్టారు మా ఇంటికొచ్చారు. ఎప్పుడూ గుమ్మంలో నుంచే కాఫీ అడిగే మనిషి, ఆ రోజు చెప్పులు కూడా విప్పలేదు.

"ఆ పిల్ల కాలేజీకి కూడా పోవట్లేదు. తల్లితో కోతకి పోతోంది. ఒంగోలు రానంది. నీ కడుపు నిండిందా?"

"నేను దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పలేదు మాస్టారూ. లెక్క చెప్పాను. ఆ లెక్క తప్పని మీరు చూపించండి."

"రాష్ట్రం పోటీలో మూత్రం తీసుకున్నారు. ఏమీ లేదని వచ్చింది. చాలా?"

"అదీ అడిగాను. పరీక్షలో ఏమీ లేకపోయినా వాడలేదని రుజువు కాదంటోంది."

"మరి ఏది రుజువయ్యా? ఎట్టా పరుగెత్తితే నమ్ముద్ది నీ ఫోను? నడిస్తే నమ్ముద్దా?"

నేను నోటుపుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టాను. "ఇది చూడండి. మీ బడి పందెమే. నలభై తొమ్మిది. రెండేళ్ళలో పదమూడున్నర నిమిషాలు తగ్గింది. ప్రపంచంలో ఎవరికైనా ఇది సాధ్యమా?"

ఆయన పుస్తకం వైపు చూడలేదు. "అంకెలు నాకు తెలియదు. ఆ రోజు ఆ పిల్ల ముందు బయల్దేరిన మగపిల్లల్లో సగం మందిని దాటుకుని వచ్చింది. అది నేను చూశాను. అది చూసే దానికి పరుగు నేర్పాలని పట్టుబట్టాను."

"ముందు బయల్దేరటం ఏంటి?"

"మర్చిపోయావా? మగపిల్లల్ని వదిలాక, ఆడపిల్లలకి తాను జెండా ఊపుతూ ఫొటో కావాలన్నాడు ఆ ముఖ్య అతిథి. ఆపించాడు. తర్వాత ఫోనొస్తే మాట్లాడుతూ చెట్టు కిందకి పోయాడు. నువ్వే కదా గడియారం చూసుకుంటా తిట్టావు ఆయన్ని."

నేను పుస్తకం తీసుకుని చూశాను. నలభై తొమ్మిది పక్కన చిన్న సున్నా ఉంది. పెన్సిలుతో పెట్టింది, మాసిపోయింది. అందులో అడ్డగీత లేదు.

ఒక్కటే గడియారం. మగపిల్లల్ని వదిలినప్పుడు నొక్కాను. ఆడపిల్లలు పదకొండు నిమిషాలు ఆలస్యంగా బయల్దేరారు. గడియారం ఆపలేను కాబట్టి, ముప్పై నాలుగేళ్ళ అలవాటు కొద్దీ, ఆడపిల్లలందరికీ గోతంతో సహా బరువే రాసి, పక్కన సున్నా పెట్టి, సాయంత్రం తరుగు తీద్దామనుకున్నాను. సాయంత్రం ఉపన్యాసాలయ్యాయి, భోజనాలయ్యాయి, ఇంటికొచ్చి పడుకున్నాను. అంతే. ఆ పేజీలో పదహారు మంది ఆడపిల్లలు ఉన్నారు. పదహారు సున్నాలు. ఫోనుకి నోటితో చదివి చెప్పేటప్పుడు సున్నా నోటికి రాదు.

నలభై తొమ్మిదిలో పదకొండు పోతే ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిది నుంచి ముప్పై అయిదున్నరకి రావడానికి మందులు అక్కర్లేదు. పొద్దున్నే లేస్తే చాలు.

మాస్టారు నా మొహం చూసి ఏమైందని అడిగారు. చెప్పాను. "ఈ మాట నాకు కాదు చెప్పాల్సింది" అని లేచి వెళ్ళారు.

ముందు బంకు దగ్గరికి వెళ్ళి అందరి ముందూ చెప్పాను. "అట్టనా" అన్నారు. మేస్త్రీని పట్టుకుని, ఆ ఫొటో ఎవరెవరికి పంపావో వాళ్ళందరికీ ఇది కూడా పంపమని, నోటుపుస్తకం పేజీ ఫొటో తీయించాను. ఒక్క గ్రూపులో పెట్టాడు. ఎవరో రెండు చేతులు జోడించిన బొమ్మ పంపారు. ఇంకెవరో ఆ పేజీలో ఏముందో అర్థం కాలేదన్నారు. మొదటిదానికి కాళ్ళున్నాయి, రెండోదానికి లేవు.

మర్నాడు వాళ్ళ ఊరు వెళ్ళాను. పిల్ల ఇంట్లో లేదు. డొంకదారిన చేలోకి నడిచాను. పదిహేను మంది ఆడవాళ్ళు సాళ్ళలో వంగి కాయ కోస్తున్నారు. నన్ను ఎవరో గుర్తుపట్టారు.

"అదుగో ఫోను తాత."

"ఏం పెద్దయ్యా, మాలో ఎవరు సూదులు ఏసుకుని కోత్తన్నారో చూద్దామని వచ్చావా?"

"ఇదిగో ఈవిణ్ణి చూడు ముందు. మేం ఒక సాలు కోసేలోపు రెండు సాళ్ళు కోసుద్ది. ఎంతో చెప్పు, నూటికి?"

నవ్వుకున్నారు. నవ్వనిది తల్లి ఒక్కతే. పిల్ల తలకి గుడ్డ కట్టుకుని, ఒడి నిండా కాయతో లేచి నిలబడింది. నేను గట్టు మీద నిలబడి, అందరికీ వినపడేట్టు, నా తప్పు మొత్తం చెప్పాను. సున్నా గురించి చెప్పాను. వాళ్ళలో యార్డు పనికి పోయినవాళ్ళు ఉన్నారు, తరుగంటే వాళ్ళకి నేను విడమరచక్కర్లేకపోయింది.

"తరుగు తీయకుండా కాగితం బయటికి పంపావా?" అంది ఒక ముసలామె. "యార్డులో పని చేశానని ఎట్టా చెప్పుకుంటన్నావయ్యా?"



పిల్ల ఒడిలో కాయ గోతంలో పోసి నా దగ్గరికొచ్చింది. "పదకొండు నిమిషాలు ఎండలో నిలబెట్టారు తాతా మమ్మల్ని" అంది. "నాకు కాళ్ళకి బూట్లు కూడా లేవు ఆ రోజు. కంకర కాలతా ఉంటే కాలు మార్చి కాలు మీద నిలబడ్డా. మీరు మా ఎదురుగానే ఉన్నారు, గొడుగేసుకుని."

"ఉన్నానమ్మా."

"అయినా గుర్తు లేదా?"

ఏడు పుస్తకాల లెక్కలు నోటికి చెప్పగలనని ఊళ్ళో చెప్పుకు తిరిగేవాణ్ణి. గుర్తు లేదన్నాను.

ఆమె పుస్తకం చూపించమంది. చూపించాను. పెన్ను తీసి, నలభై తొమ్మిది కింద పదకొండు రాసి, తీసేసి, ముప్పై ఎనిమిది వేసి, సున్నాలో అడ్డగీత కొట్టాను. ఆమె చేతులకి కారం, పేజీ ముట్టుకోకుండా వంగి చదివింది.

"ఇప్పుడు అడగండి" అంది.

"ఎందుకులేమ్మా."

"అడగండి. మా అమ్మ వినాల."

అడిగాను. ఊరి పేరు లేదు, దేశం పేరు లేదు, కూలివాళ్ళని లేదు. రెండు అంకెలూ, మధ్య రెండేళ్ళూ. ఇది మామూలుగా సాధన చేసేవాళ్ళలో కనిపించే మెరుగే అంది ఫోను. అంకె చెప్పమంటే నూటికి అయిదు లోపు అంది. గట్టిగానే వినపడింది. ఆడవాళ్ళు కొందరు, పోనీలే, అన్నారు.

పిల్ల మాత్రం అలాగే నిలబడింది. "ఆ అయిదు దేనికి తాతా?"

మచ్చు తీసేవాడికి ఇది చిన్న ప్రశ్న. అసలు తాలు లేని టిక్కీ నేను పుట్టి చూడలేదు. రెండో మూడో ఉంటాయి, ఎంత ఏరినా. అదే చెప్పబోయాను. కానీ టిక్కీలో నూరు కాయలుంటే అయిదు తాలు, తొంభై అయిదు మంచివి. ఎదురుగా ఉన్నది ఒక్క మనిషి. ఆ మనిషి వాడి ఉండాలి, లేదా వాడకుండా ఉండాలి. నూటికి అయిదు అనేది ఆ మనిషిలో ఎక్కడుంటుంది? చేతిలోనా, కాల్లోనా? ఇన్ని నెలలు ఇన్ని అంకెలు చెప్పిన నాకు ఈ మాట తట్టలేదు.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

"తెలియకపోతే ఎందుకు చెప్పారు మరి?" అంది తల్లి, కోత ఆపకుండానే. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఆమె నాతో మాట్లాడిన మాట అదొక్కటే.

ఒంగోలు వెళ్ళమని నేను అడగలేదు. అడిగే మొహం లేదు. నాలుగైదు రోజుల తర్వాత బంకు దగ్గర సాయిబు చెప్పాడు, తెల్లవారుజామున కాలవకట్ట మీద మాస్టారి సైకిలు కనిపించిందని, ముందు ఆ పిల్ల పరుగెత్తుతోందని. "నీ మూలాన రెండు వారాలు చేలో వంగింది" అన్నాడు. "నడుము పట్టుకుపోయిందంట."

ఒంగోలుకి నన్ను కూడా రమ్మన్నారు మాస్టారు. "రా. గడియారం మాత్రం తేకు" అన్నారు. సాయిబూ వచ్చాడు. తల్లి పొద్దున్నే అన్నం మూట కట్టి ఇచ్చి కోతకి పోయింది.

అక్కడ గడియారాలు నాలుగున్నాయి, కంప్యూటరు ఉంది, ఒక్కొక్కళ్ళ బూటుకి ఒక చీటీలాంటిది కట్టారు. గీత దాటితే అదే రాసుకుంటుందట. పదివేల మీటర్లంటే ట్రాకు చుట్టూ ఇరవై అయిదు సార్లు. పద్దెనిమిది చుట్లు ఆమె మొదటి ముగ్గురిలోనే ఉంది. పందొమ్మిదో చుట్టులో చెయ్యి నడుము మీద వేసుకుంది. ఇరవై రెండులో ఒకమ్మాయి దాటింది. చివరి చుట్టులో మళ్ళీ అందుకోబోయింది. నాలుగో స్థానం. మూడో అమ్మాయికీ ఆమెకీ మధ్య నాలుగు సెకన్లు.

ఆ నాలుగు సెకన్లు ఎక్కడ పోయాయో అక్కడున్న నలుగురికీ తెలుసు. మాస్టారు ఆ మాట అనలేదు. పిల్లా అనలేదు. సాయిబు నోరు కూడా ఆ రోజు లేవలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

తిరుగు బస్సులో పిల్ల మా ముందు సీట్లో కూర్చుంది. బూట్లు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. వచ్చే నెల వినుకొండలో ఒక పందెం ఉంది, దానికి పేరిద్దామా అని మాస్టారిని అడిగింది. ఇద్దామన్నారాయన. నేను నోటుపుస్తకం తీసి ముప్పై అయిదు నిమిషాల పన్నెండు సెకన్లు అని రాశాను. పక్కన ఏమీ పెట్టలేదు. ఆమె పైన ఉన్న మూడు పేర్లూ కూడా రాశాను. రాస్తుంటే మాస్టారు పక్క నుంచి వంగి చూశారు. కాసేపు కిటికీలోంచి పొగాకు ఆరబెట్టే బేరన్లు చూస్తూ కూర్చుని, నా భుజం మీద తట్టి, గొంతు తగ్గించి అన్నారు.

"ఆ మూడో అమ్మాయి పోయినేడాది ముప్పై ఏడు పరుగెత్తిందంట. ఒకసారి నీ ఫోన్ని అడుగు, ఏమంటుందో."

సాయిబు నా వైపు చూశాడు. ముందు సీట్లో తల కదిలింది.

"ఛార్జింగు లేదు మాస్టారూ" అన్నాను.

అబద్ధం. అప్పుడే ఏదో మెసేజి వచ్చి, నా తెల్లచొక్కా జేబులో ఫోను వెలిగింది. పిల్ల వెనక్కి తిరిగి ఆ జేబు చూసింది, నన్ను చూసింది. మళ్ళీ ముందుకి తిరిగి, బూట్ల తాళ్ళు విప్పి చిక్కు తీయడం మొదలుపెట్టింది.